పదకొండింట ఐదు వంతులు: సమాన భిన్నాలూ వాటి కనిష్ఠ రూపమూ

తిరుపతిలో ఇంటిస్థలం బేరం అంకణాల్లో నడుస్తుంది. ఈ వైపు వ్యవహారంలో అంకణమంటే ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గల చోటు. అంటే 36 చదరపు అడుగులు, లేదా 4 చదరపు గజాలు. ఎకరా 43,560 చదరపు అడుగులు కాబట్టి పది సెంట్లు 4,356 చదరపు అడుగులవుతాయి; దానిని 36తో భాగిస్తే శేషమేమీ మిగలకుండా 121 అంకణాలు తేలతాయి. ఇప్పుడు పది సెంట్ల ఉమ్మడి స్థలంలో ఒక భాగస్థుడి వాటా 55 అంకణాలు అనుకుందాం. ఆ వాటాను అంకణాల్లో రాస్తే 55/121, గజాల్లో రాస్తే 220/484, చదరపు అడుగుల్లో రాస్తే 1980/4356. మూడు కాగితాల మీద మూడు వేరు వేరు భిన్నాలు కనిపిస్తున్నా నేల మీద గట్టు అంగుళం కూడా జరగలేదు. మూడింటిలోనూ ఉన్నది ఒకే వాటా: పదకొండింట ఐదు వంతులు, అంటే 5/11.

సమాన భిన్నాలంటే ఏమిటో చెప్పడానికి పాఠాల్లో సాధారణంగా రొట్టెముక్కల బొమ్మో, రంగు నింపిన చతురస్రమో గీస్తారు. ఆ బొమ్మలు తప్పు కాదు గానీ, అసలు కారణం కొలతను మార్చడంలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఒక అంకణంలో నాలుగు గజాలు ఉన్నాయి కాబట్టి, కొలత అంకణం నుంచి గజానికి మారినప్పుడు వాటాలోని ముక్కల సంఖ్య నాలుగింతలవుతుంది, మొత్తంలోని ముక్కల సంఖ్య కూడా నాలుగింతలవుతుంది. లవాన్నీ హారాన్నీ ఒకే సంఖ్యతో గుణిస్తే భిన్నం విలువ మారదన్న సూత్రంలో ఉన్న విషయం ఇంతే. ముక్క చిన్నదైంది, ముక్కల లెక్క పెరిగింది, రెండూ ఒకదానినొకటి సరిచేసుకున్నాయి. గజాల నుంచి వెనక్కి అంకణాలకు రావడం ఇదే పనిని తిరగేసి చేయడం. అక్కడ లవహారాలను రెండింటినీ నాలుగుతో భాగిస్తాం. అంటే సమాన భిన్నాలను కనుక్కోవడం, భిన్నాన్ని ఇక తగ్గని కనిష్ఠ రూపానికి తేవడం అని రెండు పాఠాలుగా చెప్పే విషయం నిజానికి ఒకే దారి. ఒకటి ఎక్కడం, రెండోది దిగడం.

ఇందులో ఒక షరతు దాగి ఉంది. లవాన్ని కొలిచిన కొలతతోనే హారాన్నీ కొలవాలి. నెల్లూరు వైపు అంకణమంటే 72 చదరపు అడుగులు, అంటే తిరుపతి అంకణానికి రెట్టింపు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు పాత నెల్లూరు జిల్లాలోని గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి ప్రాంతాలు కూడా ఇందులో చేరాయి కాబట్టి, ఒకే జిల్లాలో ఒకే పేరుతో రెండు కొలతలు వినిపించే పరిస్థితి వచ్చింది. మొత్తం స్థలాన్నీ వాటానూ నెల్లూరు అంకణంతోనే కొలిస్తే 60.5లో 27.5 వస్తుంది, అదీ 5/11కు సమానమే. కానీ వాటాను తిరుపతి అంకణంతో కొలిచి, మొత్తాన్ని నెల్లూరు అంకణంతో కొలిస్తే 60.5లో 55 అని వస్తుంది. పదకొండింట ఐదు వంతులు కాస్తా పదకొండింట పది వంతులైపోతాయి. అంకెల పని అంతా సవ్యంగానే ఉన్నా ఫలితం రెట్టింపయింది. పిల్లలు ‘పావుకిలో పెద్దదా, అర్ధకిలో పెద్దదా’ అన్న ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పి, ‘పెద్ద పుచ్చకాయలో పావు ఎక్కువా, చిన్న పుచ్చకాయలో సగం ఎక్కువా’ అన్నప్పుడు ఆగిపోవడానికి కారణం ఇదే. మొత్తం ఒకటి కానప్పుడు భిన్నాల పోలికకు అర్థం లేదు.

భిన్నాన్ని కనిష్ఠ రూపానికి తేవడాన్ని తరగతి గదుల్లో ‘కొట్టేయడం’ అంటారు. ‘రెండో ఎక్కంలో పోతుందా, మూడో ఎక్కంలో పోతుందా’ అని అడుగుతూ, పైనొక గీత, కిందొక గీత గీసి, పక్కన చిన్న అంకెలు వేయడం తెలుగునాట లెక్కలు చేసిన ప్రతివారికీ అలవాటే. ఈ మాటలో సౌలభ్యం ఉంది; ఎక్కాలతో భిన్నాలను ముడిపెట్టడం వల్ల పని చురుగ్గా సాగుతుంది. అయితే ఈ విషయంలో జరిగే తప్పుల్లో సగానికి ఈ మాటే మూలమని అనిపిస్తుంది. కొట్టేయడమంటే చెరిపేయడం, లేకుండా చేయడం. నిజంగా జరుగుతున్నది మాత్రం భాగించడం. రెండింటికీ ఉన్న తేడా మొదట 4/8 దగ్గరే బయటపడుతుంది: నాలుగో ఎక్కంలో పైనున్న 4ను కొట్టేస్తే ఏమీ మిగలలేదు కాబట్టి అక్కడ సున్న వేసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. 4ను 4తో భాగిస్తే 1 వస్తుందని తెలియక కాదు. కొట్టేసిన చోట ఏమీ ఉండకూడదని మాట చెబుతోంది కాబట్టి. సగం కావలసిన వాటా అలా సున్న అయిపోతుంది.

రెండో తప్పు కూడికల దగ్గర జరుగుతుంది. లవంలో 5 + 6, హారంలో 5 + 9 ఉన్నప్పుడు పైనున్న 5నూ కిందున్న 5నూ కొట్టేసి 6/9 అని, ఆపైన 2/3 అని రాస్తారు. అసలు విలువ 11/14. మూడింట రెండు వంతుల కన్నా అది ఎక్కువ. గుణకారంలో ఉన్న సంఖ్య మొత్తం లవానికి కారణాంకం కాబట్టి దానితో భాగించవచ్చు. కూడికలో ఉన్న సంఖ్య లవంలో ఒక ముక్క మాత్రమే కాబట్టి దానిని విడిగా తీసేయడం కుదరదు. పై తరగతుల్లో బీజగణిత భిన్నాలు వచ్చినప్పుడు విద్యార్థులు తడబడేది కూడా సరిగ్గా ఇక్కడే. ఆరో తరగతిలో నాటుకున్న పొరపాటు పదో తరగతిలో పంటకు వస్తుంది.

ఇదే వరుసలో ఒక తమాషా కూడా ఉంది. 16/64లో పైనున్న 6నూ కిందున్న 6నూ కొట్టేస్తే 1/4 మిగులుతుంది, జవాబు కూడా సరైనదే. 19/95లో తొమ్మిదులను కొట్టేస్తే 1/5, 26/65లో ఆరులను కొట్టేస్తే 2/5, 49/98లో తొమ్మిదులను కొట్టేస్తే 4/8. నాలుగూ నిజమే. రెండంకెల లవహారాలతో, ఒకటి కన్నా తక్కువ విలువతో, సున్నలను కొట్టేసే 10/20 లాంటివాటిని పక్కన పెడితే, పైన ఒకట్ల స్థానంలోని అంకెనూ కింద పదుల స్థానంలోని అంకెనూ ఇలా కొట్టేసినా సరైన జవాబు వచ్చే భిన్నాలు ఈ నాలుగే. అదే పద్ధతి 13/34 మీద ప్రయోగిస్తే 1/4 వస్తుంది, అది తప్పు. తప్పు దారిలో నడిచి ఊరికి చేరిన నాలుగు సందర్భాలివి. విద్యార్థి పుస్తకంలో జవాబును మాత్రమే దిద్దేవారికి ఈ నాలుగింటిలో తప్పు కనిపించదు.

లవహారాలకు ఒకే సంఖ్యను కలిపినా, ఒకే సంఖ్యను తీసేసినా సమాన భిన్నమే వస్తుందని అనుకోవడం మరో పొరపాటు. మన భాగస్థుడి 5/11కు పైనా కిందా ఒకటి చొప్పున కలిపితే 6/12, అంటే సరిగ్గా సగం. సగానికి తక్కువ ఉన్న వాటా సగమైంది. 121 అంకణాల్లో 55కు బదులు 60.5 వచ్చింది, ఐదున్నర అంకణాలు ఊరికే కలిసొచ్చాయి. ఏ పెద్దమనిషీ పంచాయితీలో ఇలాంటి లెక్కకు ఒప్పుకోడు. కలపడం వల్ల ఎందుకు మారుతుందో ఆలోచిస్తే, కలిపిన ఆ ఒక్క ముక్క పూర్తిగా అతనికే దక్కిందని తెలుస్తుంది. పాత నిష్పత్తి నిలవాలంటే కొత్తగా కలిసే దానిలో కూడా పదకొండింట ఐదు వంతులే అతనికి రావాలి. అందుకే 5కు 5, 11కు 11 కలిపితే వచ్చే 10/22 మాత్రం సమాన భిన్నమే.

తెలుగు భాష ఈ సూక్ష్మీకరణను పలకలు, నోటుపుస్తకాలు రాకముందే తనలో కలిపేసుకుంది. పాత తెలుగు లెక్కల్లో భిన్నాలు నాలుగు చొప్పున విభజన మీద నడిచేవి. మొత్తాన్ని నాలుగు చేస్తే కాలు, అర, ముక్కాలు. అందులో ఒక్కో కాలును మళ్లీ నాలుగు చేస్తే వీసం, పరక, మువ్వీసం. వీసమంటే పదహారో వంతు, మువ్వీసమంటే పదహారింట మూడు వంతులు. ఈ రెంటి నడుమనున్న 2/16ను ‘రెండు వీసాలు’ అని అనకుండా దానికి పరక అని విడిగా పేరు పెట్టారు. అది ఎనిమిదో వంతు. అలాగే 2/4కు ‘రెండు కాళ్లు’ అని కాక అర అని పేరు. మూడుకు మాత్రం ముక్కాలు, మువ్వీసం అని మూడును చూపిస్తూనే పేర్లున్నాయి, ఎందుకంటే 3/4, 3/16 ఇంకా తగ్గేవి కావు. తగ్గే భిన్నానికి కొత్త పేరు, తగ్గని భిన్నానికి లెక్క చెప్పే పేరు; ఇది యాదృచ్ఛికమే కావచ్చు, కానీ చక్కని యాదృచ్ఛికం. చిత్తూరు సరిహద్దుకు అవతల తమిళంలోనూ కాల్, అరై, ముక్కాల్ అనే మాటలే ఉండడం వల్ల ఈ ప్రాంతపు సంతల్లో ఈ భిన్నాలకు అనువాదం అవసరం పడలేదు. ఈ పాత భిన్నాంకాల గుర్తులకు 2008లో కంప్యూటర్ లిపుల ప్రమాణమైన యూనికోడ్ 5.1 కూర్పులో చోటు దక్కింది.

రూపాయికి పదహారు అణాలున్న రోజుల్లో ఈ పదహారో వంతు చేతిలో నాణెంగా తిరిగేది. నాలుగణాలు పావలా, ఎనిమిదణాలు అర్ధరూపాయి, పన్నెండణాలు ముప్పావలా. 4/16, 8/16, 12/16లను 1/4, 1/2, 3/4గా పలకడం ఎవరూ నేర్పకుండానే అందరికీ వచ్చేది. రెండణాల బేడ ఎనిమిదో వంతు. ఏ లోటూ లేనిదాన్ని ‘పదహారణాల’ అనడం కూడా 16/16 ఒకటికి సమానమన్న సంగతే. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాక రూపాయి నూరు నయాపైసలైంది, అప్పుడొక చిక్కు ఎదురైంది: 1/16కు సమానమైన భిన్నాన్ని హారం 100తో రాయాలంటే లవం 6.25 కావాలి. పావు పైస నాణెం లేదు కాబట్టి అణాకు సరితూగే పూర్ణ పైసల మొత్తం లేకుండా పోయింది. బేడకు పన్నెండున్నర పైసలు, అదీ కుదరదు. పావలాకు 25, అర్ధరూపాయికి 50, ముప్పావలాకు 75 మాత్రం అతికినట్టు సరిపోయాయి. కారణం కనిష్ఠ రూపంలో ఉంది. పదహారో వంతుల భిన్నాన్ని పూర్తిగా తగ్గించాక మిగిలే హారం 100ను శేషం లేకుండా భాగించగలిగితేనే దానికి పైసల్లో సమాన భిన్నం ఉంటుంది. 2, 4 భాగించగలవు, 8, 16 భాగించలేవు. పావలా నాణెం కూడా 2011 జూన్ 30 తర్వాత చెల్లుబాటు కాకుండా పోయింది గానీ, ఆ మాట మాత్రం బేరాల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది.

ఇక పని జరిగే తీరు. పూర్తిగా తగ్గిన భిన్నమంటే లవహారాలకు 1 తప్ప మరో సామాన్య కారణాంకం లేనిది. 48/72ను రెండో ఎక్కంలో 24/36, మళ్లీ 12/18, మళ్లీ 6/9, ఆపైన మూడో ఎక్కంలో 2/3 అని నాలుగు మెట్లలో దింపవచ్చు. లేదా 48, 72ల గరిష్ఠ సామాన్య భాజకం 24 అని గుర్తించి ఒకే అడుగులో దిగవచ్చు. చేరేది ఒకే చోటికి. మెట్లు ఎక్కువైనందుకు మార్కులు తగ్గించాల్సిన పని లేదు, మధ్యలో ఆగిపోతేనే లోపం. 6/9 దగ్గర ఆగేవారు చాలామంది, ఎందుకంటే రెండో ఎక్కం మీద వచ్చిన ఊపు అక్కడితో అయిపోతుంది.

అసలు ఇబ్బంది ఎక్కాలకు అందని కారణాంకాలతో వస్తుంది. 55/121ను చూసి 2, 3, 5లతో ప్రయత్నించి ‘ఇది పోదు’ అని వదిలేయడం సాధారణం; పదకొండో ఎక్కం వైపు చూపు మళ్లదు. 51/85లో పదిహేడు దాక్కుని ఉంది, 91/119లో ఏడు. 91 ప్రధాన సంఖ్యలాగా కనిపిస్తూ చాలామందిని మోసం చేస్తుంది. 221/299 లాంటిది ఎదురైతే 2, 3, 5, 7, 11 అన్నీ విఫలమయ్యాక ఓపిక నశిస్తుంది. ఇలాంటి చోట ఎక్కాలను పక్కన పెట్టి, ఒకదానితో ఒకటి భాగించుకుంటూ పోయే పద్ధతిని పట్టుకోవాలి. 299ని 221తో భాగిస్తే శేషం 78. 221ని 78తో భాగిస్తే శేషం 65. 78ని 65తో భాగిస్తే శేషం 13. 65ను 13తో భాగిస్తే శేషం సున్న. చివర శేషం లేకుండా భాగించిన 13 గరిష్ఠ సామాన్య భాజకం, భిన్నం 17/23. ఒక్క కారణాంకాన్ని కూడా ఊహించాల్సిన అవసరం రాలేదు. మొదటి ఉదాహరణలోని 1980/4356కు ఇది ఇంకా తేలిక: 4356లో రెండు 1980లు పోగా 396 మిగులుతుంది, 1980లో 396 సరిగ్గా ఐదుసార్లు పోతుంది. రెండు భాగహారాల్లో 5/11 చేతికొచ్చింది.

ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో స్థలం కొలిచే చోట నిలబడి ఆలోచిస్తే తేలికగా తెలుస్తుంది. పూర్ణ సంఖ్యల్లో ఉన్న రెండు తాళ్ల పొడవులను శేషం లేకుండా కొలవగలిగిన అతి పెద్ద కొలకర్ర ఏదో కావాలి. ఆ కర్ర పెద్ద తాడునూ కొలుస్తుంది, చిన్న తాడునూ కొలుస్తుంది కాబట్టి, పెద్దదానిలోంచి చిన్నదాన్ని ఎన్నిసార్లు తీసేసినా మిగిలే ముక్కను కూడా కొలిచి తీరాలి. కాబట్టి వెతుకులాటను పెద్ద తాడు నుంచి ఆ మిగిలిన ముక్క మీదికి మార్చవచ్చు. ముక్కలు చిన్నవవుతూ పోయి ఎక్కడో ఒకచోట శేషం సున్న కావాల్సిందే. ఆ చివరి ముక్కే కొలకర్ర. క్రీస్తుకు పూర్వం సుమారు 300 నాటి గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ పేరుతో ఇది ప్రసిద్ధమైంది. మన దేశంలో ఆర్యభటుడు, బ్రహ్మగుప్తుడు కుట్టకం అనే ప్రక్రియలో ఇదే పరస్పర భాగహారాన్ని మరో అవసరం కోసం వాడారు. సామాన్య భాజకంతో తగ్గించడానికి సంస్కృత గణితంలో అపవర్తనం అన్న మాట ఉంది. ఆ మాటలో చెరిపివేత లేదు. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడు భిన్నాలను కూడడానికి హారాల కనిష్ఠ సామాన్య గుణిజాన్ని ‘నిరుద్ధం’ అన్న పేరుతో వాడాడు. ఆయన గణితాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ కాలంలో లవాన్ని పైన, హారాన్ని కింద రాసేవారే గానీ నడుమ గీత ఉండేది కాదు.

ఒక భిన్నానికి సమాన భిన్నాలు లెక్కలేనన్ని ఉన్నాయి సరే, కనిష్ఠ రూపం మాత్రం ఒక్కటే ఎందుకుండాలి? వేరు వేరు దారుల్లో దిగితే వేరు వేరు చోట్లకు చేరే అవకాశం లేదా? ఈ ప్రశ్నను పాఠాల్లో దాదాపు ఎవరూ అడగరు. దీనికి చిత్తూరు జిల్లాలో అన్నిటికన్నా మంచి బొమ్మ మామిడితోట. పాత పద్ధతిలో తోతాపురి మొక్కలను పది మీటర్ల ఎడంతో వరుసల్లో నాటితే హెక్టారుకు పది వరుసల్లో పదేసి చొప్పున నూరు చెట్లు పడతాయి. తోట మూల దగ్గర, మొదటి వరుసకు అవతల ఒక వరుస దూరంలో, మొదటి నిలువు సాలుకు ఇవతల ఒక సాలు దూరంలో ఒక గడిరాయి ఉందనుకుందాం. అక్కడి నుంచి ప్రతి చెట్టుకూ ఒక చిరునామా ఉంటుంది: ఎన్ని సాళ్లు పక్కకు, ఎన్ని వరుసలు లోపలికి. లోపలికి రెండు, పక్కకు మూడు అయితే ఆ చెట్టును 2/3 అందాం. చెట్లను సన్నని గుంజల్లా ఊహించుకుని గడిరాయి దగ్గర నిలబడి చూస్తే, 2/3 చెట్టు కనిపిస్తుంది. సరిగ్గా దాని వెనక అదే చూపు గీత మీద 4/6, దాని వెనక 6/9 దాగి ఉంటాయి. సమాన భిన్నాలన్నీ ఒకే చూపు గీత మీద నిలబడిన చెట్లు. కనిష్ఠ రూపమంటే ఆ గీత మీద ముందున్న చెట్టు. ఏ గీత మీదైనా మొదటి చెట్టు ఒకటే ఉంటుంది కాబట్టి కనిష్ఠ రూపమూ ఒకటే.

బొమ్మతో తృప్తి పడనివారికి అంకెల నిరూపణా చిన్నదే. ఇంకా తగ్గని భిన్నాలు రెండు సమానమని అనుకుందాం. అడ్డగుణకారం ప్రకారం మొదటి లవాన్ని రెండో హారంతో గుణించినా, మొదటి హారాన్ని రెండో లవంతో గుణించినా ఒకే ఫలితం రావాలి. అంటే మొదటి హారం, రెండో లవాల లబ్ధాన్ని మొదటి లవం శేషం లేకుండా భాగిస్తుంది. మొదటి లవానికీ మొదటి హారానికీ సామాన్య కారణాంకం లేదు కాబట్టి ఆ భాగింపు మొత్తం రెండో లవం మీదే పడాలి. మొదటి లవం రెండో లవాన్ని భాగిస్తుంది. ఇదే వాదనను తిప్పి చెబితే రెండో లవం మొదటి లవాన్ని భాగిస్తుంది. ఒకదానినొకటి భాగించుకునే రెండు ధన పూర్ణ సంఖ్యలు ఒకటే అయి తీరాలి. లవాలు ఒకటైతే హారాలూ ఒకటే.

ఆ నూరు చెట్లలో గడిరాయి దగ్గరి నుంచి ఎన్ని కనిపిస్తాయో లెక్కపెట్టడం సెలవు రోజున చేయదగ్గ పని. ముందు కర్ణం మీది పది చెట్లను చూద్దాం: 1/1 కనిపిస్తుంది, 2/2 నుంచి 10/10 వరకు తొమ్మిదీ దాని వెనకే. 1/2 వెనక నాలుగు, 2/1 వెనక నాలుగు. 1/3, 2/3, 3/1, 3/2 ఒక్కొక్కదాని వెనక రెండేసి. లవహారాల్లో పెద్ద సంఖ్య 4 గానీ 5 గానీ అయిన తగ్గని భిన్నాలు పన్నెండు, వాటి వెనక ఒక్కొక్కటి. మొత్తం దాగినవి 37, కనిపించేవి 63. అంటే పది లోపు సంఖ్యలతో ఏ భిన్నాన్ని రాసినా, అది అప్పటికే కనిష్ఠ రూపంలో ఉండే అవకాశం సగానికన్నా ఎక్కువ. తోటను ఎంత విస్తరిస్తే ఈ వంతు అంతగా 0.608 దగ్గరికి చేరుతుంది. 6ను పై (π) వర్గంతో భాగిస్తే వచ్చే విలువ అది. వృత్తాల లెక్కలో ఉండే పై ఇక్కడికి ఎలా వచ్చిందన్నది ఈ వ్యాసం పరిధికి మించిన ప్రశ్న. కానీ అభ్యాసాల్లో ప్రతి భిన్నమూ తగ్గేదే ఇస్తూ పోతే ‘తగ్గకపోతే తప్పు చేశామేమో’ అన్న అనుమానం పిల్లల్లో పెరుగుతుందని మాత్రం దీనివల్ల తెలుస్తుంది.

కనిష్ఠ రూపం వల్ల నిజమైన ఉపయోగం ఏమిటంటే, దాని హారం ఒక సమాచారం చెబుతుంది. తిరుమల చిన్న లడ్డూ నిర్ణీత బరువు 175 గ్రాములు. కిలోలో అది 175/1000. ఈ రూపం చూస్తే ఏమీ తోచదు. 25తో భాగించి 7/40 అని రాస్తే, నలభై లడ్డూలు సరిగ్గా ఏడు కిలోలు తూగుతాయని, నలభై కన్నా తక్కువ లడ్డూలతో పూర్ణ కిలోల తూకం రానే రాదని వెంటనే తెలుస్తుంది. 700 గ్రాముల కల్యాణోత్సవం లడ్డూ 7/10 కిలో. పది ఉంటే ఏడు కిలోలు. ఇలాగే అంకణానికీ సెంటుకూ ఉన్న బంధం: 36కు 435.6తో ఉన్న సంబంధాన్ని 360/4356గా, ఆపైన 10/121గా తగ్గిస్తే, పది సెంట్లకు తక్కువైన ఏ పూర్ణ సెంట్ల సంఖ్యా పూర్ణ అంకణాలుగా తేలదని బయటపడుతుంది. మొదటి ఉదాహరణకు పది సెంట్లు ఎంచుకున్నది ఇందుకే.

దశాంశాల విషయంలోనూ ఇదే వరస. హారంలో 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం ఉంటే దశాంశం ముగియదన్న సూత్రాన్ని చాలామంది ఏ భిన్నానికైనా నేరుగా వాడేస్తారు. 33/60లో 60కి 3 కారణాంకం కాబట్టి ముగియదని తేల్చేస్తారు. తగ్గిస్తే అది 11/20, అంటే 0.55, చక్కగా ముగుస్తుంది. సూత్రం కనిష్ఠ రూపానికే వర్తిస్తుంది. 5/11 మాత్రం తగ్గేది కాదు, పదకొండు అడ్డం ఉంది, కాబట్టి 0.4545… అంటూ సాగుతూనే ఉంటుంది. వాటాను శాతంలో 45.45 అని గుండ్రంగా రాసినప్పుడు 55 అంకణాల్లో కొంచెం కోత పడుతుంది. భిన్నంగా రాస్తే వీసమెత్తు కూడా పోదు.

అయినా ఎప్పుడూ తగ్గించడమే పని అనుకోకూడదు. 5/11 పెద్దదా, 4/9 పెద్దదా అంటే చూసి చెప్పడం కష్టం. రెండింటినీ పైకెక్కించి 45/99, 44/99 అని రాస్తే తొంభై తొమ్మిదో వంతు తేడా కళ్లెదుట కనిపిస్తుంది. 5/11కు పావు వాటా కలపాలంటే 20/44, 11/44గా మార్చుకుంటేనే 31/44 వస్తుంది. ఇక్కడ ‘పెద్ద’ రూపమే ఉపయోగపడే రూపం. కూడిక మధ్యలో అలవాటు కొద్దీ 20/44ను మళ్లీ 5/11గా తగ్గించేసి, మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగే విద్యార్థులను చూస్తే, తగ్గించడాన్ని ఎంత యాంత్రికంగా నేర్పారో అర్థమవుతుంది. కొన్ని చోట్ల తగ్గిస్తే విషయమే పోతుంది. పరీక్షలో 20కి 15 వచ్చాయని చెబితే అదొక చిన్న పరీక్ష అని తెలుస్తుంది. 3/4 అంటే నాలుగు ప్రశ్నల్లో మూడో, నాలుగు వందల మార్కులకు మూడు వందలో చెప్పలేం. విలువ ఒకటే గానీ, ఎన్నింటిలో ఎన్ని అన్న లెక్క చెరిగిపోయింది.

తగ్గించడానికీ ఇంచుమించుగా చెప్పడానికీ కూడా తేడా గమనించాలి, ఎందుకంటే మాట్లాడేటప్పుడు ఈ రెండూ కలిసిపోతుంటాయి. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లనీ, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లనీ చెబుతారు. రెండో దారి మెట్లు మొదటి దాని మెట్లలో ఎన్నో వంతు? 2388/3550. రెండూ సరి సంఖ్యలు కాబట్టి 1194/1775. ఇంకా తగ్గుతుందా? 1775 అంటే 25, 71ల లబ్ధం. 1194ను 5 గానీ 71 గానీ భాగించవు. కాబట్టి ఇంత పెద్ద అంకెలతోనూ అది కనిష్ఠ రూపమే, ‘కనిష్ఠ’ అన్నంత మాత్రాన చిన్నగా ఉండాలన్న నియమం లేదు. నడిచే భక్తులు దీన్ని మూడింట రెండు వంతులని అంటారు, మాటవరసకు అది చాలు. అడ్డగుణకారం చేస్తే ఒకవైపు 3,582, మరోవైపు 3,550 వస్తాయి, సమానం కాదు. 3,550లో మూడింట రెండు వంతులంటే 2,366 మెట్లూ ఇంకో మెట్టులో మూడింట రెండు వంతులూ. శ్రీవారి మెట్టు దారిలో ఎక్కేవారు అంతకు మించి ఇరవై ఒక్క మెట్లూ, మరో మెట్టులో మూడో వంతూ ఎక్కాలి.